నాన్న ట్రంకు పెట్టెలో పద్నాలుగో క్లాజు

2025 ఆగస్టు నెలాఖర్లో అమ్మని కళ్ళ డాక్టరుకి చూపించడానికి మైలవరం బస్టాండులో విజయవాడ పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలై అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. ఆగస్టు 15న కదా పెట్టారు, స్త్రీ శక్తి అని. బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరమ్మాయి ఆధార్ కార్డులు చూసి, మిషన్ మీద రెండు సున్నా టికెట్లు కొట్టి చేతిలో పెట్టింది. అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "నాకిదేం కొత్త? మీ నాన్న ఉన్నన్నాళ్ళూ నేను టికెట్టు కొన్నానా ఏంటి!" అంది, చుట్టుపక్కల నలుగురికీ వినబడేలా.

కొంచెం ఎక్కువ చేసి చెప్పిందిలెండి. నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఉద్యోగుల కుటుంబాలకి పాసులుండేవి, నిజమే. కానీ వాటికీ ఓ లెక్క ఉండేది. పుట్టింటికి వెళ్ళాలంటే అమ్మ ఆ పాసు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, జాకెట్టులో దోపుకుని, మహారాణిలా ముందు సీట్లో కూర్చునేది.

ఆ నెల మొదట్లోనే మా తమ్ముడు ఇంటి వాట్సాప్ గ్రూపులో ఓ వార్త పెట్టాడు. వాడూ ఆర్టీసీయే, కండక్టరు. ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తెలంగాణ ఆర్టీసీలో ఒక డ్రైవరుకి వైద్య పరీక్షలో రంగులు సరిగ్గా కనబడవని తేలింది. డ్రైవరుగా పనికిరాడన్నారు. ఇంకో పని ఇవ్వమని అడిగితే కుదరదని, 2016 జనవరిలో మెడికల్ కారణం మీద రిటైర్ చేసేశారు. ఆయన హైకోర్టుకీ, అక్కణ్ణించి ఢిల్లీకీ వెళ్ళాడు. తగిన పోస్టు ఎనిమిది వారాల్లో ఇవ్వండి, జీతం తగ్గించకండి, బకాయిల్లో పాతిక శాతం కట్టండి అని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు ఆధారంగా తీసుకున్నది 1979 డిసెంబరు 17న కార్పొరేషన్‌కీ కార్మిక సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందం, అందులో పద్నాలుగో క్లాజు. రంగులు గుర్తుపట్టలేని డ్రైవరుని ఇంటికి పంపకూడదు, జీతానికి రక్షణ ఇచ్చి వేరే పని చూపించాలి అని ఆ క్లాజు. తర్వాత కాలంలో ఇంకో ఒప్పందం వచ్చింది కాబట్టి ఇది పోయినట్టే అన్న వాదనని కోర్టు ఒప్పుకోలేదు.

వార్త చదివి వినిపిస్తే అమ్మ ఏమీ మాట్లాడలేదు. లేచి లోపలికెళ్ళి నాన్న ట్రంకు పెట్టె తీసింది. యూనిఫాం బొత్తాలు, మఫ్లరు, యూనియన్ బ్యాడ్జీ, సైక్లోస్టైల్ చేసిన కాగితాల కట్ట. మడతల దగ్గర చిరిగిపోయిన కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చి, "ఇదేనేమో చూడు" అంది. అదే. పద్నాలుగో నంబరు పక్కన నీలం పెన్సిలు గీత కూడా ఉంది.

ఆ గీత కథ చెప్పాలంటే చీరల దగ్గర మొదలుపెట్టాలి.

నాన్నకి చీరల రంగులు తెలిసేవి కావు. దసరాకి ఆకుపచ్చ చీర తెమ్మంటే ఇటుక రంగు చీర తెచ్చి, "పచ్చదే కదే" అని వాదించేవారు. అమ్మ నవ్వేది, మేమూ నవ్వేవాళ్ళం. మగాళ్ళకి రంగులేం తెలుస్తాయిలే అనుకున్నాం, మన ఇళ్ళల్లో అందరూ అనుకునేదే. 1974లో ఉద్యోగంలో చేరినప్పుడు దీపాలు చూపించి ఎరుపేది పచ్చేది అని అడిగారట, చెప్పారు, పాసయ్యారు. 1990లో ఎప్పుడూ జరిగే పరీక్షకి వెళ్తే చుక్కల పుస్తకం తెరిచి పెట్టారు. రంగు చుక్కల మధ్యలో అంకె దాగి ఉంటుంది చూడండి, అది. నాన్నకి చాలా పేజీల్లో చుక్కలే కనబడ్డాయి, అంకె కనబడలేదు.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఆ రోజు నాన్న ఇంటికి వచ్చి అన్నం తినకుండా అరుగు మీద కూర్చున్నారు. నలభై ఒక్కేళ్ళ మనిషి, వచ్చిన పని స్టీరింగు ఒక్కటే. సొంత ఇల్లు లేదు. నేను పదో తరగతి, తమ్ముడు ఇంకా చిన్నవాడు. అమ్మ నాన్నని ఏమీ అడగలేదు. నాకు ఇప్పటికీ గుర్తున్నది, ఆవిడ వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసి చూసి మళ్ళీ మూసేయడం.

రెండో రోజు సాయంత్రం డిపో యూనియన్ సెక్రటరీ వచ్చారు. మేము సెక్రటరీ బాబాయి అనేవాళ్ళం. చొక్కా జేబులో మడిచిపెట్టిన కాగితం తీసి, అమ్మని కూడా పిలిచి, "వదినా, నువ్వూ కూర్చో. ఇది నీకు తెలియాలి" అన్నారు. తమ్ముడి దగ్గర నీలం పెన్సిలు తీసుకుని గీత గీశారు. "ఇది మా దయా కాదు, ఆఫీసరు గారి దయా కాదు. సంతకాలు పెట్టుకున్న మాట" అన్నారు. ఉన్న సెలవులు వాడుకుంటూ నాన్న కొన్నాళ్ళు ఇంట్లో ఉన్నారు. తర్వాత డిపో గ్యారేజీలో పని ఇచ్చారు. జీతం తగ్గలేదు. 2007లో రిటైరయ్యేదాకా అక్కడే. స్టీరింగు పోయిందన్న దిగులు మాత్రం ఆయనకి చివరిదాకా ఉండేది. రోడ్డు మీద బస్సు గేరు మారుతున్న చప్పుడు వినబడితే కుడికాలు కదిలేది.

ఆ కాగితం చూశాకే నాకు ఈ సంగతులన్నీ తెలుసుకోవాలనిపించింది. ఇంట్లో యూనియన్ అంటే మాకు తెలిసింది మీటింగులు, చందాలు, నాన్న ఆలస్యంగా రావడం, అమ్మ సణుగుడు. దాని వెనక ఇంత చరిత్ర ఉందని, అందులో మన కృష్ణా జిల్లాకి పెద్ద భాగమే ఉందని తెలియదు.

మా తాతయ్య ప్రైవేటు బస్సులో క్లీనరు. అప్పుడు జిల్లాలో బస్సులన్నీ ప్రైవేటు యజమానులవే. అటు హైదరాబాదు వైపు సంగతి వేరు. అక్కడ 1932లోనే నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ పుట్టింది. అప్పటికే కృష్ణా జిల్లా బస్సు రూట్లని ప్రభుత్వ సంస్థకి అప్పగించే స్కీము తయారైంది. జిల్లా బస్సు యజమానులు ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకి వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు అని న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ చదువుతారు. మా మేనకోడలు లా చదువుతోంది, "అత్తా, అది మన జిల్లా కేసా!" అని ఆశ్చర్యపోయింది. యజమానుల అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. విన్నవాళ్ళు ఒకరు, తీర్పు చెప్పేది ఇంకొకరు అయితే అది న్యాయం ఎలా అవుతుందని 1958 నవంబరు 5న కోర్టు ఆ స్కీమును కొట్టేసింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు గారు, తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అప్పుడు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు తానే స్వయంగా అభ్యంతరాలు విన్నారు. యజమానులు మళ్ళీ కోర్టుకెక్కారు కానీ 1959లో ఈసారి గెలవలేదు. ఆ తర్వాతే మన రోడ్ల మీద ఎర్ర బస్సులు నిలదొక్కుకున్నాయి.

బస్సు యజమానుల పోరాటం పుస్తకాల్లోకి ఎక్కింది గానీ క్లీనరు సంగతి ఎవరు రాశారు? తాతయ్య చెప్పే లెక్క ప్రకారం ప్రైవేటు బస్సులో పని అంటే తెల్లారుజామున బస్సు కడగడంతో మొదలై, రాత్రి ఆఖరి ట్రిప్పు అయ్యాక బస్సులోనే పడుకోవడంతో ముగిసేది. సెలవు అన్న మాట ఆయన నోట నేను వినలేదు. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది, వరసగా ఐదు గంటలు చేస్తే అరగంట విరామం, వారానికి ఓ సెలవు, రాత్రి ఆగిన చోట విశ్రాంతి గది, యూనిఫాం. చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు కదండీ. ఈ గదిలో ఫ్యాను లేదు, ఈ సర్వీసుకి ఇచ్చిన టైములో గమ్యం చేరడం కుదరదు అని రోజూ వెంటపడేవాళ్ళు ఉండాలి. ఆ వెంటపడే పనే యూనియన్ పని. నాన్న నైట్ హాల్టుకి వెళ్ళినప్పుడు దోమతెర పట్టుకెళ్ళేవారు. కొన్నేళ్ళయ్యాక మంచాలొచ్చాయి, తర్వాత ఫ్యాన్లొచ్చాయి. ఒక్కో వస్తువు వెనకా ఒక వినతిపత్రం ఉంటుందని అప్పుడు మాకేం తెలుసు.

ఆర్టీసీలో సంఘం ఒకటే కాదు. ఎంప్లాయీస్ యూనియన్, నేషనల్ మజ్దూర్ యూనియన్, స్టాఫ్ అండ్ వర్కర్స్ ఫెడరేషన్... ఇలా ఎన్నో. గుర్తింపు ఎవరికన్నది రహస్య ఓటింగుతో తేల్చేవారు, రాష్ట్రానికి ఒక ఓటు, రీజియన్‌కి ఒక ఓటు. ఆ ఎన్నికలొచ్చాయంటే డిపో ముందు శామియానాలు, కరపత్రాలు, పంచాయితీ ఎన్నికలకేం తీసిపోదు. పక్కపక్క ఇళ్ళల్లో ఉండే డ్రైవర్లు నెలరోజులు మాట్లాడుకునేవారు కాదు. వాళ్ళ భార్యలం మాత్రం పంపు దగ్గర మామూలుగానే మాట్లాడుకునేవాళ్ళం అని అమ్మ చెబుతుంది. ఇదంతా నాకు నచ్చిందని చెప్పను. ఓట్ల కోసం ఊరేగింపులకి పెట్టిన ఖర్చుతో ఓ విశ్రాంతి గదికి సున్నం వేయించవచ్చు కదా అని నాన్నతో వాదించాను కూడా.

కానీ ఎవరైనా పోయినప్పుడు చూడాలి. మా వీధి చివర ఒక కండక్టరు గారు గుండెపోటుతో పోయారు, నేను ఇంటర్ చదివే రోజుల్లో. శవం ఇంటికి రాకముందే డిపో నుంచి ఇద్దరు వచ్చారు, ఒకరు ఈ సంఘం, ఒకరు ఆ సంఘం. ఖర్చులకి డబ్బు ఇచ్చారు. పదకొండో రోజు అయ్యాక మళ్ళీ వచ్చి ఆవిడ ముందు కాగితాలు పరిచారు. పీఎఫ్ ఫారం ఏది, సీసీఎస్‌లో అప్పు ఎంత మిగిలింది, బ్రెడ్ విన్నర్ స్కీము కింద ఇంట్లో ఎవరికి ఉద్యోగం అడగాలి. సీసీఎస్ అంటే ఉద్యోగుల సహకార పరపతి సంఘం. ప్రతినెలా జీతంలో కోసుకున్న డబ్బుతోనే ఇల్లు కట్టుకోవడానికీ, పిల్లల చదువుకీ, పెళ్ళికీ అప్పులిచ్చేది. నా పెళ్ళి కూడా ఆ అప్పుతోనే జరిగింది. ఆ కండక్టరు గారి భార్యకి అంతకుముందు బ్యాంకు గుమ్మం తెలియదు. సంతకం చెయ్యడానికి చెయ్యి వణుకుతుంటే, ఆమె పక్కన కూర్చున్నది అమ్మ. డిపోలో మగవాళ్ళు ఫారాలు తెచ్చేవాళ్ళు, ఇంట్లో మాట చెప్పేది ఆడవాళ్ళు. యూనియన్ చిట్టాల్లో ఈ సగం పని ఎక్కడా రాసి ఉండదు.

వేసవిలో బస్టాండు దగ్గర చలివేంద్రం కూడా అలాంటిదే. కుండలు కొన్నది యూనియన్ వాళ్ళు, జెండా కట్టింది వాళ్ళు. పొద్దున్నే కుండలు కడిగి వట్టివేళ్ళు వేసి నీళ్ళు నింపింది మా వీధి ఆడవాళ్ళు. మా అమ్మ దాన్ని పుణ్యం అనేది, సెక్రటరీ బాబాయి సేవ అనేవారు. తాగిన వాళ్ళకి చల్లగా ఉండేది, అంతే.

ఇక 2013. దాని గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. జూలై 30న రాష్ట్ర విభజన నిర్ణయం వచ్చింది. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి సీమాంధ్రలో ఆర్టీసీ సమ్మె. వందకి పైగా డిపోల్లో బస్సులు ఆగిపోయాయి. అక్టోబరు రెండో వారం దాకా, దాదాపు అరవై రోజులు. అది జీతం పెంచమని చేసిన సమ్మె కాదు. తమ్ముడు రోజూ మైలవరం సెంటర్లో దీక్షా శిబిరానికి వెళ్ళేవాడు. రోడ్ల మీద వంటలు, ఆటలు, ఊరేగింపులు. మొదటి నెల మరదలు ధైర్యంగానే ఉంది. రెండో నెల పిల్లల ఫీజు కట్టాల్సొచ్చింది. చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. మాకు చెప్పలేదు, బోసి చెవులు చూసి అమ్మే కనిపెట్టింది. ఏమీ అనకుండా తన పేరున ఉన్న పోస్టాఫీసు డబ్బు తీసిచ్చింది. మా ఆయన బియ్యం బస్తా ఒకటి దింపి వచ్చారు. కిరాణా కొట్టాయన కూడా "సమ్మె అయ్యాకే ఇవ్వండి" అని ఖాతా రాసుకున్నాడు. డిపోలో కొంచెం ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి పప్పూ నూనే పంచుకున్నారు.

ఇంకో వైపూ చెప్పాలి. మైలవరం నుంచి విజయవాడ ముప్ఫై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. బస్సు లేని ఆ రెండు నెలలు కాలేజీ పిల్లలు, ఆసుపత్రులకి వెళ్ళే ముసలివాళ్ళు ఆటోల్లో కుక్కుకుని వెళ్ళారు. మా పక్కింటామె కూతురు కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది. "మీ తమ్ముడు వాళ్ళ సమ్మె వల్లేగా" అని ఆమె నా మొహం మీదే అంది. నేను ఏం చెప్పను? రాష్ట్రం విడిపోవడం విడిపోయింది. కమ్మలు విడిపించుకోవడానికి మరదలికి ఏడాదిన్నర పట్టింది.

2015 మేలో చేసింది మాత్రం జీతాల సమ్మె. 6న మొదలై 13న ముగిసింది, 43 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది. ఎనిమిది రోజుల్లో తేలినదానికీ, అరవై రోజులైనా తేలనిదానికీ తేడా ఏంటో నాకు అప్పుడు అర్థమైంది. సంఘం తన చేతిలో ఉన్నది అడిగితే ఒకలాగా, చేతిలో లేనిది అడిగితే ఇంకోలాగా ఉంటుంది. 2020 జనవరి 1 నుంచి యాభై వేలకి పైగా ఉద్యోగులు ప్రభుత్వంలో కలిసిపోయి ప్రజా రవాణా శాఖ వాళ్ళయ్యారు. అది చాలాకాలంగా సంఘాలు అడుగుతున్నదే. నాన్న చూడలేదు, అంతకు ముందే వెళ్ళిపోయారు. కలిసిన మూడు నెలలకే లాక్‌డౌన్ వచ్చి మార్చి 22న ఆగిన బస్సులు మే 21న గానీ కదల్లేదు. "పాత కార్పొరేషనే అయ్యుంటే మన గతేం కానురా" అని అమ్మ తమ్ముడితో ఎన్నిసార్లు అందో.

నాకు ఉన్న అసంతృప్తి ఒక్కటి. తర్వాతి కాలంలో ఆర్టీసీలోకి మహిళా కండక్టర్లు వచ్చారు. ఇప్పుడు ఏ బస్సెక్కినా కనబడతారు. యూనియన్ ఫొటోల్లో వేదిక మీద మాత్రం ఒకరో ఇద్దరో. నెలసరి రోజుల్లో ఆరేడు గంటల ట్రిప్పు, ఆగిన చోట సరైన మరుగుదొడ్డి లేకపోవడం, రాత్రి డ్యూటీ దిగి ఒంటరిగా ఇంటికెళ్ళడం... ఇవి ఎవరు అడగాలి? తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె యాభై రెండు రోజులు సాగింది. అది ముగిశాక అక్కడ మహిళా కండక్టర్లకి రాత్రి ఎనిమిది దాటి డ్యూటీలు వెయ్యొద్దని ప్రభుత్వం చెప్పింది. అదీ అంత పెద్ద సమ్మె అయ్యాక! ఇప్పుడు ఉచిత ప్రయాణంతో బస్సు నిండా ఆడవాళ్ళమే. మన జనంలో నిలబడలేక చెమటలు కక్కుతూ టికెట్లు కొట్టే అమ్మాయి గురించి మనం కూడా ఒకసారి ఆలోచించాలి. ఆ రోజు ఇబ్రహీంపట్నం వచ్చేసరికి ఆ పిల్లకి గొంతు పోయింది. అమ్మ తన సీసాలో మంచినీళ్ళు ఇచ్చింది.

డాక్టరు అమ్మకి శుక్లాలన్నారు. ఆపరేషన్ చేస్తే రంగులు మళ్ళీ తేటగా కనబడతాయని చెప్పారు. చేయించాం. కట్టు విప్పిన నాలుగో రోజు అమ్మ బీరువా తెరిచి చీరలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చుంది. ఆ పాత దసరా చీర బయటికి తీసి, వెలుతురులో పట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఇది అంత ఇటుక రంగేం కాదే అమ్మాయ్" అంది.

ఇటుక రంగే. నేనేమీ అనలేదు.